మా బోరు నీళ్లకి నలభై డాలర్లు

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పెదనాన్న అరుగు మీద కూర్చుని ఉన్నట్టుండి అడిగాడు. "అమ్మాయ్, అప్పుడెప్పుడో సంచినిండా ప్లాస్టిక్ సీసాలు ఏసుకొచ్చి మా బోర్లన్నీ తిరిగి నీళ్లు పట్టుకపోయావు గదా, ఏం తేల్చావు మరి?" అని. నేను కాస్త గొప్పగానే "పేపరు వచ్చింది పెదనాన్నా" అన్నాను. "ఏ పేపర్లో? మేం చూళ్లేదే! జిల్లా ఎడిషన్లో ఏశారా?" అన్నాడాయన. ఆ పేపరు కాదు, సైన్సు వాళ్లు చదువుకునే జర్నల్ అని ఒకటి ఉంటుంది, అందులో వచ్చింది అని చెప్పి, చూపిద్దామని ఫోన్ తీసి వెతికాను. వచ్చింది. హెడ్డింగ్ ఉంది, నా పేరుంది, మా గైడ్ పేరుంది, మా మండలం పేరుంది, ఆరేడు లైన్ల సారాంశం ఉంది. దాని కింద ఒక బటన్. మిగతాది చదవాలంటే నలభై డాలర్ల పైచిలుకు కట్టమని.

పెదనాన్నకి ఇంగ్లీషు రాదు గానీ డాలర్ గుర్తు తెలుసు, మనవడు అమెరికాలో ఉన్నాడు. ఫోన్ దగ్గరికి లాక్కుని చూసి, "ఇదేందే, నువ్వు రాసింది నువ్వే కొనుక్కోవాల్నా?" అన్నాడు.

కాపీ ల్యాప్‌టాప్‌లో ఉంది, ల్యాప్‌టాప్ ఒంగోల్లో ఉంది, ఈసారి తెస్తాలే అని అప్పటికి తప్పించుకున్నాను. తప్పించుకున్నానే గానీ ఆ మాట మాత్రం పళ్ల సందున ఇరుక్కున్న పీచులాగా అట్టాగే ఉండిపోయింది. అందుకే ఈ పోస్టు.

నేను ఒంగోల్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. జీతం ఎంతో రాయను గానీ ఆ నలభై డాలర్లంటే నాకు సుమారు నాలుగు రోజుల జీతం. పార్ట్‌టైం పీహెచ్‌డీ చేశాను, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద. మా సొంతూరు పొదిలి నుంచి కనిగిరి పోయే దారిలో లోపలికి ఉంటుంది. అటువైపు వాళ్లకి ఫ్లోరైడ్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. మా స్కూలు గ్రూప్ ఫోటో ఏది తీసినా ముందు వరసా వెనక వరసా అందరం నోళ్లు మూసుకునే ఉంటాం, నవ్వితే గార పళ్లు కనపడతాయని. మా నాయనమ్మ చివరి పదేళ్లు నడుం వంగిపోయి నేలను చూస్తూనే నడిచింది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అంటుంది అదే ప్రమాణం. మావైపు ఆ గీత దాటిన బోర్లే ఎక్కువ.

ఈ పని ఎంత చాకిరో కొంచెం చెప్పాలి, లేకపోతే కోపం ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కాదు. ఫ్లోరైడ్ శాంపిల్ గాజు సీసాలో పట్టకూడదు, గాజుతో కలిసి లెక్క తప్పుతుంది, అందుకని పాలిథిన్ సీసాలు. వాటిని అదే బోరు నీళ్లతో రెండు మూడుసార్లు తొలవాలి. బోరు వేయగానే పట్టకూడదు, పైపులో నిలవున్న నీళ్లన్నీ పోయేదాకా ఊరికే వదలాలి. అదేమో కరెంటు ఎప్పుడిస్తారో తెలియని ఏప్రిల్ నెల, త్రీఫేజు తెల్లవారుజామున ఇస్తే ఆ టైముకి చేలో ఉండాలి, మా తమ్ముడు బండి మీద తీసుకెళ్లి వాడు గట్టున కునికిపాట్లు పడుతుంటే నేను సెల్‌ఫోన్ లైటు వేసుకుని సీసా మీద నంబరు రాసుకునేదాన్ని. నీళ్లు ఊరికే పారిస్తున్నావేందని ఒకాయన నన్ను తిట్టాడు కూడా, ఆయన మిరప మడికి పెట్టుకోవాల్సిన నీళ్లు అవి, తిట్టడంలో తప్పేం లేదు. తర్వాత ల్యాబు. టిసాబ్ అని ఒక బఫర్ ఉంటుంది. నీళ్లలో ఉన్న ఇనుము, అల్యూమినియం ఫ్లోరైడ్‌ని పట్టుకుని కూర్చుంటే దాన్ని కొలిచే ఎలక్ట్రోడ్‌కి అది కనపడదు, ఈ బఫర్ దాన్ని విడిపిస్తుంది. అది కలిపి ఎలక్ట్రోడ్ ముంచి అంకె కదలకుండా నిలబడేదాకా చూస్తూ కూర్చోవాలి. ఒక్కో శాంపిలూ మూడుసార్లు. పెట్రోలు నాది, సెలవులు నావి, ల్యాబు యూనివర్సిటీది, అంటే ప్రభుత్వ డబ్బు. ఆ నలభై డాలర్ల వాడిది ఇందులో ఒక్క పైసా లేదు.

ఇంకో సంగతి. పీహెచ్‌డీ మొదట్లో మావైపు ఫ్లోరైడ్ మీద ఇంతకుముందు ఎవరెవరు ఏం రాశారని వెతికాను కదా, అప్పుడు దొరికింది 1937 నాటి పేపరు. షార్ట్, పండిట్, రాఘవాచారి అని ముగ్గురు రాశారు, ఇండియన్ మెడికల్ గెజిట్‌లో. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు మీద. మన దేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన తొలి రిపోర్టుల్లో అదొకటి. కనిగిరి, పొదిలి అప్పటికి నెల్లూరు జిల్లాలోవే, 1970లో గదా మమ్మల్ని విడదీసి, తర్వాత ప్రకాశం అని పేరు పెట్టిన కొత్త జిల్లాలో కలిపింది (జిల్లాల గీతలు ఆ తర్వాత కూడా గీస్తూనే ఉన్నారు, ఎవరు ఎందులో ఉన్నామో కొత్తగా చూసుకోవాల్సి వస్తోంది, అది వేరే పోస్టు). పండిట్ అంటే సి.జి. పండిట్, తర్వాత మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కి మొదటి డైరెక్టర్ అయిన ఆయన. ఆ పాత గెజిట్ సంచికలన్నీ స్కాన్ చేసి పబ్‌మెడ్ సెంట్రల్‌లో పెట్టారు, అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపేది అది, ఎవరైనా చదువుకోవచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. రాత్రి పదకొండింటికి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో తెరిస్తే తెరుచుకుంది. మా నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పటి కాగితం నా చేతిలోకి వచ్చింది.

అదే రాత్రి, అదే మండలాల నీళ్ల మీద ఈ పదిహేనేళ్లలో వచ్చిన పేపర్ల కోసం వెతికితే ఒకటి తాళం, రెండోది తాళం, మూడోది తాళం. 1937లో తెల్లదొరల కాలంలో రాసింది చదవగలిగాను గానీ, మొన్న మొన్న మనవాళ్లే మన యూనివర్సిటీ జీతాలతో రాసింది చదవలేకపోయాను. రచయితలకి మెయిల్ పెట్టాను. ఒకాయన అరగంటలో పంపించాడు, ఇంకో మేడమ్ రెండు వారాలకి సారీ చెప్పి మరీ పంపించారు, మూడో ఆయన ఇప్పటికీ పలకలేదు, రిటైరయ్యారేమో. పరిశోధన చేసేవాళ్లకి ఒక మాట, మెయిల్ పెట్టడానికి మొహమాటపడొద్దు, రాసినవాళ్లకి మన పేపరు ఎవరో అడిగారనే సంతోషమే తప్ప ఇంకోటి ఉండదు.

సరే, పెదనాన్న దగ్గరికి మళ్లీ వస్తా. ఆయన వదిలే మనిషి కాదు. సాయంత్రం టీ తాగుతూ మళ్లీ ఎత్తాడు. ఆయనది పొగాకు సేద్యం, నలభై ఏళ్ల నుంచి వేలం కేంద్రానికి బేళ్లు తోలుతున్నాడు, కాబట్టి ఆయన భాషలోనే చెబుదామని మొదలుపెట్టాను.

"పొగాకు పండించేది నువ్వు, గదా పెదనాన్నా?"

"ఊఁ."

"నువ్వు పండించి, బేలు కట్టి, కొనేవాడి దగ్గరికి తీసకపోయి ఊరికే ఇచ్చేస్తావనుకో."

"ఊరికే ఎందుకిస్తానే?"

"ఇస్తావనుకో. అది ఏ గ్రేడో చూడ్డానికి వాడు ఇంకో ఇద్దరు రైతుల్ని పిలుస్తాడు. వాళ్లు కూడా పని మానుకుని వచ్చి ఊరికే చూసి పోతారు. బాగుందంటే తీసుకుంటాడు, లేదంటే నో బిడ్. తీసుకున్నాక దాని మీద ముద్రేసి, ఈ బేలు ఇక నాది అని నీ చేత సంతకం పెట్టించుకుంటాడు. తర్వాత నువ్వు ఒక చుట్ట కాల్చుకోవాలన్నా ఆ ఆకు వాడి దగ్గరే కొనుక్కోవాలి."

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "గ్రేడింగు కూలీకి కూడా డబ్బులియ్యడా?" అన్నాడు. అదీ ఆయనకి నమ్మబుద్ధి కానిది. ఇయ్యడు పెదనాన్నా, నేను కూడా ఏడాదికి మూడు నాలుగు పేపర్లు చూసి రాసిస్తాను, థాంక్స్ అని ఒక సర్టిఫికెట్ పీడీఎఫ్ వస్తుంది అన్నాను. "మరి అంత తెలివితక్కువోళ్లా మీరు? వాడి దగ్గరికి ఎందుకు పోతారు?" అన్నాడు. దీనికి జవాబు చెప్పడమే కష్టం. ఎందుకంటే ఆ ముద్ర ఉంటేనే ప్రమోషన్, ఆ ముద్ర ఉంటేనే కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యత చూసే సంస్థ) గ్రేడు, ఆ ముద్ర ఉంటేనే ఇంటర్వ్యూలో కూర్చోనిస్తారు. పేపర్లో ఏముందని అడిగేవాళ్లు తక్కువ, ఏ జర్నల్ అని అడిగేవాళ్లు ఎక్కువ. వాడి వ్యాపారం కాపాడుతున్నది వాడి ముద్ర కన్నా మన కమిటీల బద్ధకం అని నా అభిప్రాయం.

ఈ వ్యాపారం ఇట్టా ఎప్పటి నుంచి అంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నుంచి. అంతకుముందు జర్నల్స్ ఎక్కువగా సైన్సు సొసైటీలు నడుపుకునేవి, లాభం లేకపోయినా సరే అన్నట్టు. యుద్ధం తర్వాత ప్రభుత్వాలు సైన్సుకి డబ్బు కుమ్మరించాయి, పేపర్లు పెరిగాయి, అక్కడ సొమ్ముందని కనిపెట్టిన వాళ్లలో ముఖ్యుడు రాబర్ట్ మాక్స్‌వెల్, 1951లో జర్నల్స్ వేసే పెర్గమాన్ ప్రెస్ చేతికి తీసుకున్నాడు. కిటుకు చాలా చిన్నది. బియ్యం ఈ కొట్లో ధర ఎక్కువైతే పక్క కొట్టుకి పోతాం. జర్నల్ అట్టా కాదు, ఒక పేపరు ఒకే చోట వస్తుంది, దానికి బదులు ఇంకోటి చదివితే కుదరదు, కాబట్టి లైబ్రరీ రెండూ కొనాల్సిందే, ధర ఎంతైనా. కొనమని అడిగేది ప్రొఫెసరు, డబ్బు కట్టేది లైబ్రరీ, లైబ్రరీకి ఇచ్చేది ప్రభుత్వం. బేరమాడే మనిషే లేడు. 1991లో పెర్గమాన్‌ని ఎల్సెవియర్ అనే ఇంకో పెద్ద ప్రచురణ కంపెనీకి అమ్మేశాడు మాక్స్‌వెల్, అదే ఏడాది తన ఓడ మీంచి సముద్రంలో పడి చనిపోయాడు. తర్వాత విడివిడిగా కాకుండా వందల జర్నల్స్ గంపగుత్తగా కొనమనే పద్ధతి వచ్చింది, నాలుగు మంచివి కావాలంటే నలభై అక్కర్లేనివి కూడా తలకెత్తుకోవాలి. 2015లో లారివియేర్ అనే కెనడా పరిశోధకుడూ ఆయన సహచరులూ లెక్క తీస్తే, 2013లో ప్రపంచంలో వచ్చిన పేపర్లలో సగానికి పైగా అయిదు కంపెనీల చేతుల్లోనే ఉన్నట్టు తేలింది. ఎల్సెవియర్ యజమాని రెలెక్స్ తన వార్షిక నివేదికలో చెప్పుకున్న ప్రకారమే 2023లో ఈ సైన్సు విభాగం ఆదాయం 300 కోట్ల పౌండ్లు దాటింది, అందులో నూటికి 38 నిర్వహణ లాభం. నూటికి 38! మావైపు రైతుకి నూటికి పది మిగిలితే ఆ ఏడు గుడికి సున్నం వేయిస్తాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా.

జర్నల్ నడపడానికి ఖర్చే ఉండదని నేను అనను. ఎడిటింగు ఉంది, సర్వర్లు ఉన్నాయి, దొంగ బొమ్మలు పెట్టిన పేపర్లు పట్టుకోవాలి, దానికి జీతాలు కావాలి. అది ఇవ్వొచ్చు. కానీ అది ఖర్చు మాట, నేనంటున్నది ఖర్చు పోను మిగిలే 38 మాట.

తిరగబడిన వాళ్లు లేరా అంటే ఉన్నారు. మాక్స్‌వెల్ అమ్ముకున్న అదే 1991లో అమెరికా లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ అనే ఫిజిక్స్ ఆయన, అచ్చవకముందే పేపర్లు ఒకరికొకరు పంపుకునే ఆర్కైవ్ మొదలుపెట్టాడు. ఫిజిక్స్, లెక్కల వాళ్లు ఇప్పటికీ ముందు అక్కడ పెట్టే తర్వాత జర్నల్‌కి పంపుతారు. మా కెమిస్ట్రీ వాళ్లకి ఆ అలవాటు చాలా ఆలస్యంగా అబ్బింది, మాకు దాపరికం ఎక్కువ. 2002లో బుడాపెస్ట్ ప్రకటన వచ్చింది, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకునేట్టు తెరిచి ఉంచడం) అనే మాటకి అర్థం అక్కడ స్థిరపడింది. దారులు రెండు చెప్పారు, రాసినవాళ్లు తమ కాపీని అందరికీ కనపడేచోట దాచిపెట్టుకోవడం ఒకటి, జర్నలే అందరికీ తెరిచి ఉండడం రెండోది. 2012లో టిమోతీ గవర్స్ అనే లెక్కల ప్రొఫెసర్ ఎల్సెవియర్‌కి ఇక రాయను, వాళ్ల పేపర్లు చూసిపెట్టను అంటే వేలమంది సంతకాలు పెట్టారు. ఇక 2011లో కజకిస్తాన్ అమ్మాయి అలెగ్జాండ్రా ఎల్బాకియాన్ మొదలుపెట్టిన, తాళం వేసిన పేపర్లు ఊరికే ఇచ్చే సై-హబ్ సంగతి నేను చెప్పాలా? చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు, దాని పేరు తెలియని రీసెర్చ్ స్కాలర్ మాత్రం నాకు ఎదురవలేదు. 2020 డిసెంబరులో మూడు ప్రచురణ సంస్థలు ఢిల్లీ హైకోర్టులో కేసు వేశాయి, 2025 ఆగస్టులో మన దేశంలో దాన్ని బ్లాక్ చేయమని కోర్టు ఆదేశించింది. దొంగతోవ మూశారు సరే, రాజమార్గం ఎక్కడుందో మాకూ చూపించాలి కదా.

రాజమార్గం అని వాళ్లు చూపించింది ఏంటో నా అనుభవమే చెబుతా. నా పేపరు ఒప్పుకున్నారు అని మెయిల్ వచ్చినరోజు నేను ఒంగోలు బస్టాండులో ఉన్నాను, పొదిలి బస్సు కోసం. ఆ సంతోషంలోనే దానికింద లింకు నొక్కితే రెండు ఆప్షన్లు వచ్చాయి. అందరూ ఉచితంగా చదువుకునేట్టు పెట్టాలంటే నేను రెండున్నర వేల డాలర్లకు పైగా కట్టాలి. కట్టకపోతే కాపీరైట్ వాళ్లకి రాసిచ్చి, మామూలుగా తాళం వేయించుకోవాలి. ఎనిమిది నెలల జీతం! ఇంకేం ఆలోచిస్తాం, రెండోది నొక్కాను. కాపీరైట్ ఫారం ఇంతపొడుగు ఉంది, బస్సు వచ్చింది, చదవకుండానే ఒప్పుకున్నాను అని టిక్కు పెట్టి ఎక్కేశాను. పొలం రిజిస్ట్రేషన్ అయితే పదిసార్లు చదివిస్తాం, సాక్షుల్ని పెడతాం. నాలుగేళ్ల పనిని బస్సు మెట్టు మీద నిలబడి రాసిచ్చేశాను. ఇందులో కంపెనీది ఎంత తప్పో నాదీ అంతే.

ఈ రాసేవాళ్ల దగ్గర వసూలు చేసే పద్ధతి చూస్తే నాకు పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే ఉంటుంది. ముందు చదివేవాడి దగ్గర టోల్‌గేటు ఉండేది, ఇప్పుడది రాసేవాడి దగ్గరికి జరిగింది, గేటు మాత్రం వాళ్లదే. నేచర్ పత్రిక 2021 నుంచి ఈ ఫీజు 9,500 యూరోలు పెట్టింది, అప్పటి లెక్కన ఎనిమిది లక్షల రూపాయల పైమాట. పూర్తి మాఫీలు ఎక్కువగా బాగా పేద దేశాలకే, ఆ జాబితాలో మనం లేం. 2023లో న్యూరోఇమేజ్ అనే జర్నల్ సంపాదకులు నలభైమందికి పైగా ఒక్కసారే రాజీనామా చేశారు, ఫీజు తగ్గించమంటే ఎల్సెవియర్ తగ్గించలేదని. వెళ్లి ఇంకో జర్నల్ పెట్టుకున్నారు. అట్టాంటి పట్టుదల ఉన్నవాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది.

పెద్దవాళ్ల గేటు ఇంత ఎత్తున ఉంటే సందులో చిన్న గేట్లు పెట్టినవాళ్లు ఊరుకుంటారా. మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో వారానికొకటి వస్తుంది, మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఫ్రీ, ఫోన్‌పే చేయండి అని. అవి కూడా ఓపెన్ యాక్సెసే అంటారు! మన హైదరాబాదు నుంచి నడిచిన ఓమిక్స్ సంస్థ ఇట్టాంటి జర్నల్స్ పేరుతో మోసం చేస్తోందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఆ వార్త చదివినప్పుడు తెలుగువాళ్ల పేరు ఇట్టా వినపడిందేందని సిగ్గేసింది.

మరి ప్రభుత్వం ఏం చేసిందంటే, ఒక దేశం ఒకే చందా (వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్) అనే పథకం పెట్టింది, అందరి తరఫునా జర్నల్స్ చందా కేంద్రమే కట్టేట్టు. 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది, మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నల్స్, 6,300కి పైగా సంస్థలు, కోటీ 80 లక్షల మంది చదువుకోవచ్చు. బేరం కేంద్రమే ఆడింది, ఒక్కో యూనివర్సిటీ ఒక్కోసారి గోడు వెళ్లబోసుకోకుండా. మంచిదే, కాదనను. మా యూనివర్సిటీ జూనియర్లు ఇప్పుడు నాలాగా అర్ధరాత్రి మెయిళ్లు పెట్టుకోవట్లేదు, చూస్తే కడుపు నిండింది. కానీ ఇది ప్రభుత్వ సంస్థలకే. మాలాంటి ప్రైవేటు కాలేజీల వాళ్లం గేటు బయటే. మన జిల్లాలో డిగ్రీ చదివే పిల్లల్లో ఎక్కువమంది ఎక్కడ చదువుతున్నారో ఎవరైనా కళ్లు తెరిచి చూస్తే తెలుస్తుంది. ఇక పెదనాన్నలాంటి వాళ్ల సంగతి ఏ పథకంలోనూ లేదు, ఆయన పన్ను మాత్రం బీడీ కట్ట మీద కూడా ఉంది. ఏడాదికి 2,000 కోట్లు వాళ్ల తాళంచెవి అద్దెకి తెచ్చుకోవడానికి కడుతున్నాం, అద్దె ఆపితే మళ్లీ తాళమే. అందులో కొంత పెట్టి మన సొంత జర్నల్స్ బాగుచేసుకుంటే ఎట్టా ఉండేదో అనిపిస్తుంది. మనకి లేవా ఏంటి, ఐసీఎంఆర్ వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ తెరిచే ఉంది, ఐసీఏఆర్ వ్యవసాయ జర్నల్స్ తెరిచే ఉన్నాయి, పీహెచ్‌డీ థీసిస్‌లు శోధగంగ అనే సైట్‌లో ఉన్నాయి. నీటిపారుదల ఉంది, కాలవలో పూడిక తీసేవాడు లేడు.

మా ఫ్రెండ్ ఒకామె పశువుల డాక్టరు, ఆమెకి ఈ గొడవంతా చెబితే నవ్వి ఒక సంగతి చెప్పింది. మన ఒంగోలు గిత్తలు వందేళ్ల పైన్నే బ్రెజిల్ పోయాయి కదా, వాటిని అక్కడ నెలోరి అంటారు, మన నెల్లూరు పేరే. పందొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. వాళ్ల మందల్లో ఇప్పుడు ఎక్కువ భాగం అవే. ఆ పశువుల మేత మీద, ఈతల మీద బ్రెజిల్ వాళ్లు రాసిన పేపర్లు ఆమె ఇక్కడ కూర్చుని ఉచితంగా చదువుతుంది, ఎందుకంటే వాళ్లు 1990ల చివర్లోనే సైలో అని సొంత వేదిక పెట్టుకున్నారు, ప్రభుత్వ డబ్బుతో, తమ జర్నల్స్ ఎన్నో అందులో తెరిచిపెట్టారు. వాళ్లేమన్నా మనకంటే ఆకాశంలో ఉన్న దేశమా? మన ఆవు మీద వాళ్లు రాసింది మనకి అందుతోంది, మన బోరు మీద నేను రాసింది మా పెదనాన్నకి అందలేదు.

పండగ అయ్యి ఒంగోలు రాగానే ఆ కాపీరైట్ ఫారం తీసి ఈసారి చదివాను. చదివితే తెలిసింది, నాకు చేయి కొంచెం వదిలిపెట్టారని. అచ్చయిన పీడీఎఫ్ పెట్టకూడదు గానీ, సవరణలన్నీ అయ్యి ఒప్పుకున్న చివరి వర్డ్ ఫైలు రెండేళ్ల తర్వాత ఎక్కడైనా పెట్టుకోవచ్చు. చాలా జర్నల్స్‌కి ఇట్టాంటి వెసులుబాటు ఉంది, ఎవరిది ఎంతో ఓపెన్ పాలసీ ఫైండర్ (ఇంతకుముందు షెర్పా రోమియో అనేవాళ్లు) అనే సైట్‌లో జర్నల్ పేరు కొడితే చెబుతుంది. నా రెండేళ్లు అయిపోయి అప్పటికే అయిదు నెలలు! అయిదు నెలలుగా తాళంచెవి నా కొంగునే ఉంది, నేనే చూసుకోలేదు. ఆ ఫైలు వెతకడానికి రెండు రోజులు పట్టింది, ఫైనల్ అని ఒకటి, ఫైనల్ 2 అని ఒకటి, గైడ్ సార్ కరెక్షన్ ఫైనల్ అని ఒకటి. సరైనది పట్టుకుని జెనోడో అనే సైట్‌లో పెట్టాను, యూరప్ అణు పరిశోధన కేంద్రం సెర్న్ వాళ్లు నడిపేది, డబ్బులు అడగరు. పావుగంట పని.

ఆ తర్వాత నాలుగు పేజీల్లో తెలుగులో రాశాను, ప్రింటు తీయించాను, ఉగాదికి ఊరు తీసుకెళ్లాను. పెదనాన్న కళ్లజోడు తుడుచుకుని, వేలు పెట్టి లైను లైను చదివాడు. రెండో పేజీలో టేబుల్ దగ్గర ఆగాడు. ఎస్-1, ఎస్-2, ఎస్-3 అని ముప్పైఆరు దాకా ఉన్నాయి, ఎదురుగా అంకెలు.

"ఇందులో మా బోరు ఏది?"

పేపర్లో అట్టా రాయరు పెదనాన్నా, శాంపిల్ నంబర్లే వేస్తారు అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. లేచి బ్యాగులోంచి ఫీల్డు నోట్‌బుక్ తీశాను, నీళ్లు పడి అట్ట ఉబ్బింది, ఎస్-22 దగ్గర నా రాతలోనే ఉంది, పెదనాన్న చేను, రావిచెట్టు పక్కన. 3.4. పెన్ను తీసుకుని టేబుల్లో ఎస్-22 కొట్టేసి తన పేరు రాసుకున్నాడు.

"ఎదురింటోళ్లది?"

చూశాను, 1.2. నాలుగు వందల అడుగుల దూరం కూడా లేదు. ఎదురింటావిడ అప్పటికే గోడ అవతల నుంచి వింటోంది. సాయంత్రానికి అరుగు మీద తొమ్మిదిమంది చేరారు, అందరూ తమ నంబరు ఎంతని అడిగేవాళ్లే. అందులో ముగ్గురి బోర్లు నేను అసలు పట్టనే లేదు.